నలుగురిలో చెప్పుకొనే చోటు: హైదరాబాద్‌లో మనోసహాయ బృందాన్ని నడిపే విధానం

‘నలుగురు’ అన్న మాటను మనం రెండు రకాలుగా వాడతాం. మనసులోని బాధ నలుగురితో చెప్పుకుంటే బరువు తగ్గుతుందని ఊరడించే పెద్దలే, ఇంట్లో ఎవరికైనా డిప్రెషన్‌కు మందులు మొదలయ్యాయని తెలిసిన మరుక్షణం ‘నలుగురికీ తెలిస్తే పరువేం కావాలి’ అని గొంతు తగ్గిస్తారు. మానసిక ఆరోగ్యం కోసం బృందంగా కూర్చొనే పద్ధతి నిలబడేదీ కూలిపోయేదీ ఈ రెండు మాటల మధ్యనే. ఎదురుగా కూర్చున్న ఎనిమిది మందీ మొదటి రకం నలుగురేనని వచ్చిన మనిషికి నమ్మకం కుదిరితే మిగిలిన పని చాలావరకు సాఫీగా సాగుతుంది; ఆ నమ్మకం కుదరకపోతే ఎంత చదువుకున్న కౌన్సెలర్ ఉన్నా మూడో వారానికి కుర్చీలు ఖాళీ అవుతాయి.

సికింద్రాబాద్ వైపు ఒక కాలనీ సంక్షేమ సంఘం హాలులో, ఒక క్లినికల్ సైకాలజిస్టుకు తోడుగా, కొన్నేళ్ళుగా ఇటువంటి బృందాలను నడుపుతున్న అనుభవంతో ఈ వివరాలు రాస్తున్నాను. తమ కాలనీలోనో, ఆఫీసులోనో, గుడి, మసీదు, చర్చి ఆవరణలోనో ఇటువంటిది మొదలుపెట్టాలనుకునేవారికి, అలాగే ఏదైనా బృందంలో చేరాలా వద్దా అని తటపటాయిస్తున్నవారికి ఇవి ఉపయోగపడవచ్చు.

ముందు ఏ తరహా బృందమో తేల్చుకోవాలి

అన్నింటినీ మనం ‘గ్రూప్ కౌన్సెలింగ్’ అనేస్తాం గానీ, ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి. మొదటిది బృంద చికిత్స. దీన్ని సైకియాట్రిస్టు గానీ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు గానీ నడపాలి. నమోదు సంఖ్య చూపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు, బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూపమని అడగమా? రెండోది నైపుణ్యాలు నేర్పే బృందం. ఆందోళనను అదుపు చేసుకోవడం, సమస్యను ముక్కలు చేసి చూడడం, ఆగిపోయిన పనులను తిరిగి మొదలుపెట్టడం వంటివి ఇందులో వారానికొకటి చొప్పున నేర్పుతారు. శిక్షణ పొందిన సామాన్యులు కూడా నిపుణుల పర్యవేక్షణలో దీన్ని నడపవచ్చు. మూడోది ఒకే రకం కష్టం ఉన్నవారు ఒకచోట చేరే తోటివారి బృందం. మద్యం మానాలనుకునేవారి కోసం 1935లో అమెరికాలో మొదలై ప్రపంచమంతా పాకిన ఆల్కహాలిక్స్ అనానిమస్ ఈ కోవలోనిదే. మన నగరంలో కూడా ఆ సమావేశాలు జరుగుతాయి, వాటికి ఫీజు ఉండదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. 1905లో బోస్టన్ నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు, శానటోరియంలో చేరే స్తోమత లేని క్షయ రోగులను వారానికొకసారి ఒక గదిలో కూర్చోబెట్టి ఆహారం, విశ్రాంతి గురించి పాఠాలు చెప్పేవాడు. పాఠం కన్నా పక్కన కూర్చున్న రోగి ముఖం వారికి ఎక్కువ ధైర్యమిస్తోందని ఆయన గమనించాడు. మన దగ్గర ఎవరూ ‘థెరపీ’ అన్న పేరు పెట్టకపోయినా, 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు ఒకరి ఇంటి గోడు ఒకరు విన్న తరువాతే సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది. ఒంటరిగా ఉన్నంతకాలం తన రాత అనుకున్నది, పక్కామె ఇంట్లోనూ అదే అని తెలిసిన క్షణం నుంచి వేరేలా కనిపిస్తుంది. బృంద చికిత్సలో పనిచేసే అంశాలను పదకొండుగా విడదీసి చెప్పిన అమెరికన్ సైకియాట్రిస్టు ఇర్విన్ యాలమ్ కూడా ‘నాకొక్కడికే కాదు’ అన్న ఈ ఎరుకను వాటిలో ముఖ్యమైనదిగానే లెక్కపెట్టాడు.

కొత్తగా మొదలుపెట్టేవారు రెండో తరహాను, అంటే నైపుణ్యాలు నేర్పే బృందాన్ని ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే దానికి దారి ముందే వేసి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ‘గ్రూప్ ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్’ పేరుతో ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన మార్గదర్శిక ప్రకారం, వారానికొకటి చొప్పున అయిదు సమావేశాలలో, వైద్యులు కానివారు కూడా శిక్షణ తీసుకొని దీన్ని నడపవచ్చు. అంతకుముందు 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, ఉగాండా పల్లెల్లో శిక్షణ పొందిన స్థానికులు నడిపిన బృందాల వల్ల డిప్రెషన్ లక్షణాలు స్పష్టంగా తగ్గినట్లు తేలింది. మనకు ఇది అవసరమే. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వారిలో అత్యధికులకు ఏ చికిత్సా అందడం లేదు. అందరికీ విడివిడిగా గంటసేపు కేటాయించేందుకు సరిపడా నిపుణులు మనకు లేరు.

ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి

మొదటిసారి మేము నోటీసు బోర్డు మీద ‘డిప్రెషన్ బాధితులకు ఉచిత సహాయ బృందం’ అని రాసి అంటించాం. ఆ ఆదివారం ఇద్దరు వచ్చారు. అందులో ఒకాయన హాలు అద్దె సంగతి మాట్లాడడానికి వచ్చాడు. తరువాతి నెలలో అదే కాగితం మీద ‘నిద్ర పట్టకపోవడం, టెన్షన్, ఇంటి బాధ్యతల అలసట: కలిసి మాట్లాడుకుందాం’ అని రాస్తే పదిహేనుమంది ఫోన్ చేశారు. జనం తమ బాధను ఏ మాటతో చెప్పుకుంటారో ఆ మాటతోనే పిలవాలి. గుండె దడ, తల బరువు, ఒళ్ళంతా నొప్పులు, చిన్నదానికే కోపం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం — మన ఇళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఈ పేర్లతోనే తిరుగుతుంది. బస్తీ దవాఖానా దగ్గర, మందుల దుకాణం దగ్గర, పార్కులో వాకింగ్ చేసే దారిలో కాగితం అంటించడం వల్ల కలిగే ఫలితం ఫేస్‌బుక్ ప్రకటన వల్ల కలగదు.

ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ బృందంలో చేర్చుకొనే ముందు, విడిగా ఒక అరగంట కూర్చోబెట్టి మాట్లాడాలి. ఈ ఒక్క మెట్టు దాటవేసిన బృందాలే ఎక్కువగా చెదిరిపోవడం చూశాను. ఆ అరగంటలో అడగవలసినవి కొన్నే: ఏ బాధతో వచ్చారు, ఎంతకాలంగా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, బ్రతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా, ఇతరుల మాట వినే స్థితిలో ఉన్నారా. ఈ చివరి ప్రశ్నకు జవాబు వారి నోటి నుంచి కాక మన గమనింపు నుంచి రావాలి. లేనివి కనిపిస్తున్నాయని, వినిపిస్తున్నాయని చెబుతూ అందులోనే మునిగి ఉన్నవారిని, రోజుల తరబడి నిద్ర లేకున్నా ఉత్సాహం పట్టలేకపోతున్నవారిని, తాగి వచ్చినవారిని, ఆత్మహత్య ఆలోచన తీవ్రంగా ఉన్నవారిని అప్పుడే బృందంలో కూర్చోబెట్టకూడదు. వారికి ముందు డాక్టరు కావాలి. ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో గానీ, దగ్గరలోని సైకియాట్రిస్టు దగ్గర గానీ చూపించుకోమని చెప్పి, కుదుటపడ్డాక తప్పక రమ్మనాలి. ‘ఎర్రగడ్డ’ అనగానే ముఖం మాడ్చుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊరి పేరును తిట్టుగా మార్చిన పాపం మన అందరిదీ. అక్కడ ఔట్ పేషెంటుగా చూపించుకొని అదే రోజు ఇంటికి వచ్చేవారు ఎందరో ఉంటారని నెమ్మదిగా వివరిస్తే చాలామంది వింటారు.

బృందానికి ఎనిమిది మంది సరిపోతారు. అయిదుగురికి తగ్గితే ఒక్కరు రాకపోయినా వెలితిగా ఉంటుంది, పదిమందికి మించితే మాట్లాడే వంతు రాదు. భార్యాభర్తలను, అత్తాకోడళ్ళను, ఇంటి యజమానినీ అద్దెకున్నవారినీ, ఆఫీసులో మేనేజరునూ అతని కింద పనిచేసేవారినీ ఒకే బృందంలో వేయకూడదు. అపార్ట్‌మెంటులో పనిచేసే మహిళ, ఆమె పనిచేసే ఇంటావిడ ఇద్దరూ ఒకే వారం ఫోన్ చేసిన సందర్భం మాకు ఎదురైంది. ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో పెట్టాం, ఒకరు వస్తున్నట్లు రెండోవారికి ఇప్పటికీ తెలియదు.

పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు, ఇంట్లో స్కిజోఫ్రీనియా ఉన్నవారిని చూసుకొనేవారు, ఎదుగుదలలో వెనుకబడిన పిల్లల తల్లులు వంటి ఒకే పరిస్థితి ఉన్నవారిని కలిపితే మాట త్వరగా కలుస్తుంది. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థకు పిల్లలను తీసుకువచ్చే తల్లులు వరండాలో ఒకరికొకరు చెప్పుకొనే మాటలను ఒకసారి వింటే, అందులో సగం బృందం అప్పటికే తయారై ఉందని అర్థమవుతుంది.

చోటు, సమయం, పిలుపు

సొంత అపార్ట్‌మెంటులోని హాలు సౌకర్యమే కానీ, వాచ్‌మన్ చూస్తాడు, పక్క ఫ్లాటువారు అడుగుతారు. అందువల్ల ఒక కాలనీవారు మరో కాలనీకి వెళ్ళి కూర్చొనేలా ఏర్పాటు చేయడం మేలు. మెట్రో స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో హాలు ఉంటే మియాపూర్ నుంచి, ఎల్‌బీ నగర్ నుంచి కూడా రాగలుగుతారు. దూరం నుంచి వచ్చేవారే, ఎవరూ గుర్తుపట్టరన్న ధీమాతో, ఎక్కువ నిక్కచ్చిగా మాట్లాడతారు. ఆదివారం ఉదయం పదిన్నర అనుకూలమైన సమయం. ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం, వినాయక నిమజ్జనం రోజు సమావేశం పెట్టుకొని ప్రయోజనం లేదు. రంజాన్ నెలలో సాయంత్రాలు పెట్టకూడదు. ఇవన్నీ మొదటి రోజే తేదీలతో సహా రాసి ఇస్తే, అయిదు వారాల కట్టుబాటు మీద మనం కూడా శ్రద్ధ పెట్టామని వచ్చినవారికి అర్థమవుతుంది.

కుర్చీలన్నీ ఒకే ఎత్తువి, గుండ్రంగా, మధ్యలో బల్ల లేకుండా వేయాలి. సంఘం అధ్యక్షుడి కోసం దాచి ఉంచే పెద్ద కుర్చీని ఆ రోజుకు గదిలో నుంచి తీసేయాలి, లేకపోతే ఎవరో ఒక పెద్దాయన మొహమాటంగానైనా అందులో కూర్చుంటాడు, ఆ తరువాత అందరూ ఆయన వైపు చూసి మాట్లాడతారు. మంచినీళ్ళు అందుబాటులో ఉంచాలి. చాయ్ మాత్రం సమావేశం అయ్యాకే ఇవ్వాలి. మధ్యలో కప్పులు అందించడం మొదలైతే ఎవరో సరిగ్గా నోరు విప్పబోయే క్షణంలో ‘చక్కెర తక్కువా?’ అన్న ప్రశ్న వచ్చిపడుతుంది.

పిలుచుకొనే వరస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనకు ఎవరు ఎదురైనా అక్క, అన్నయ్య, అంకుల్, పిన్ని అని వరస కలుపుకోవడం అలవాటు. అది ఆప్యాయతే అయినా బృందంలో చిక్కులు తెస్తుంది, ఎందుకంటే వరస కలిసిన వెంటనే ఆ వరసకు తగిన బాధ్యత, బెట్టు కూడా వచ్చేస్తాయి. ‘అంకుల్’ అని పిలిపించుకున్న మనిషి ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడి ముందు తన తాగుడు గురించి చెప్పలేడు. ‘అక్కా’ అని పిలిచిన అమ్మాయి ఆ అక్క ఇచ్చిన సలహాను కాదనలేదు. అందుకే వయసుతో నిమిత్తం లేకుండా అందరూ అందరినీ పేరు చివర ‘గారు’ చేర్చి పిలవాలన్నది మా నియమం. పేరు సొంతదే చెప్పాలని లేదు, పిలిస్తే పలికే పేరైతే చాలు. ఇంటిపేరు, ఊరు, ‘మీరేమిట్లు’ అన్న ప్రశ్నలు మాత్రం పూర్తిగా నిషిద్ధం. ఇంటిపేరు తెలిస్తే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే కొందరి మాట గట్టిపడుతుంది, కొందరిది మెత్తబడుతుంది.

గడప దాటని మాట

గోప్యత గురించి ‘ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయాలి’ అని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటే సరిపోదు. గోప్యత ఎక్కడ జారిపోతుందో ఉదాహరణలతో చెప్పాలి. ఇంటికి వెళ్ళాక భర్తతో ‘పేరు చెప్పను గానీ ఒకావిడ ఉంది’ అని మొదలుపెట్టే కథ, బజారులో ఎదురైనప్పుడు వారి పక్కనున్న బంధువుల ముందు ‘ఆదివారం రాలేదేం?’ అని అడిగే ప్రశ్న, హాలు ముందు తీసుకొన్న సెల్ఫీ, స్టేటస్‌లో పెట్టిన నర్మగర్భమైన కొటేషన్ — మాట బయటికి పొక్కేది ఈ దారుల్లోనే. బయట ఎదురైతే ఎవరు ముందు పలకరించాలన్నది కూడా మేము తేల్చుకుంటాం: మనల్ని ముందుగా పలకరించని వారిని మనమూ పలకరించకూడదు, దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోకూడదు.

వాట్సాప్ గ్రూపు పెట్టకుండా ఉండగలిగితే ఉత్తమం. తప్పదనుకుంటే దానికి ‘ఆదివారం హాలు’ వంటి ఏమీ తెలియని పేరు పెట్టి, సమయం మార్పు తప్ప మరేదీ రాయకుండా సమన్వయకర్తలు మాత్రమే సందేశం పంపేలా అమర్చాలి. శుభోదయాలు, ఆరోగ్య చిట్కాలు ఒక్కసారి మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు. గ్రూపులో చేరితే ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుందని కూడా ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి.

ఒక మినహాయింపును మాత్రం మొదటి రోజే దాచకుండా ప్రకటించాలి. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిస్తే, సమన్వయకర్త మౌనంగా ఉండరని, అయితే ఏం చేసినా ముందు ఆ మనిషికి చెప్పే చేస్తారని వివరించాలి. ఈ మాట వింటే జనం భయపడి నోరు విప్పరని నేను మొదట అనుకున్నాను, కానీ అలా జరగలేదు. హద్దు ఎక్కడుందో తెలిసినప్పుడే మనిషి దాని లోపల నిశ్చింతగా తిరుగుతాడు.

గంటన్నరలో ఏం చేయాలి

ఎప్పుడూ ఇద్దరు సమన్వయకర్తలు ఉండాలి. ఒకరు మాట నడుపుతుంటే రెండోవారు ముఖాలు చూస్తుండాలి; ఎవరైనా లేచి బయటికి వెళితే ఆ రెండోవారు వెంట వెళ్ళాలి. మార్గదర్శికలో రెండు గంటల వరకు పట్టే సమావేశం మా దగ్గర గంటన్నర, ఆపైన చాయ్ అరగంట. నిజానికి ఆ చాయ్ అరగంటలోనే చాలామంది ఒకరి పక్కకు ఒకరు జరుగుతారు.

మొదటి సమావేశంలో పేర్లు, నియమాలు అయ్యాక ప్రతి ఒక్కరికీ చిన్న కాగితం ఇచ్చి, ఈ మధ్య ఎక్కువగా బాధిస్తున్న రెండు విషయాలు రాసి, ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు వరకు ఎంత బాధిస్తోందో అంకె వేయమంటాం. రాయడం రానివారికి విడిగా సహాయం చేయాలి, అందరి ముందు అడగకూడదు. ఈ కాగితం వారి దగ్గరే ఉంటుంది. వారం వారం అదే కాగితం మీద అంకె మార్చుకుంటూ పోతే, నాలుగో వారానికి తమకు ఏమీ మారలేదనుకున్న మనిషి అయిదు కాస్తా మూడైన సంగతిని తన చేతిరాతలోనే చూసుకుంటుంది. ఆ తరువాత ఒత్తిడి వల్ల శరీరంలో ఏమవుతుందో సులువైన మాటల్లో చెప్పి, నెమ్మదిగా ఊపిరి తీసుకొని వదిలే సాధన నేర్పాలి. కడుపు కదిలేలా మెల్లగా గాలి పీల్చి, అంతకన్నా తొందర లేకుండా వదలడం, అంతే. యోగా తరగతిలా ముక్కు మూసి, ఊపిరి బిగబట్టనక్కర్లేదు. కళ్ళు మూసుకొంటే భయం వేసేవారు తెరిచే ఉంచవచ్చు, తల తిరిగినట్లు అనిపిస్తే ఆపేయవచ్చు.

రెండో సమావేశంలో సమస్యను విడదీయడం నేర్పుతాం. ‘ఇంట్లో అంతా గందరగోళం’ అన్నది సమస్య కాదు, అది సమస్యల మూట. ఆ మూట విప్పి, మన చేతిలో ఉన్నవి ఒక పక్కకు, లేనివి మరో పక్కకు తీసి, ఉన్నవాటిలో చిన్నదాన్ని పట్టుకోవాలి. రిటైరైన ఒక పెద్దాయన కొడుకు వారానికొకసారి కూడా ఫోన్ చేయడని బాధపడేవాడు. కొడుకు మనసు మార్చడం ఆయన చేతిలో లేదు, కానీ డాలస్‌లో ఆదివారం రాత్రి ఎన్ని గంటలైతే ఇక్కడ ఎన్ని అవుతుందో లెక్కవేసుకొని తానే ఒక వేళ అడగడం ఆయన చేతిలో ఉంది. బృందంలోని మిగతావారు ఆయనతో కలిసి ఆ మెసేజిని నాలుగు రకాలుగా రాసి చూశారు, ఎత్తిపొడుపు లేని వాక్యం రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మూడో వారం పాఠం ఆగిపోయిన పనుల గురించి. మనసు బాగయ్యాక పని చేద్దామని ఎదురుచూడకుండా, ముందు చిన్న పని చేస్తే మనసు దాని వెనక వస్తుందన్నది ఇందులోని సూత్రం. ‘రేపటి నుంచి రోజూ గంటసేపు నడుస్తాను’ అన్నవారిని ఆపి, ‘మంగళవారం సాయంత్రం ఆరింటికి గేటు దాకా వెళ్ళి వస్తాను’ అనేంత వరకు తగ్గించాలి. నాలుగో వారం, ఎవరి సాయం అడగవచ్చు, ఎలా అడగాలి అన్నదాని గురించి. అయిదో వారం, బాధ మళ్ళీ వస్తే ఏం చేయాలో ఎవరికి వారు రాసుకోవడం గురించి. ఈ రెండింటినీ మార్గదర్శికలో ఉన్నట్లే చేస్తే చాలు, నేను కలపవలసింది పెద్దగా లేదు.

సలహాల వరద

అన్నింటికన్నా కష్టమైన పని సలహాలను ఆపడం. ఎదుటి మనిషి రెండు వాక్యాలు పూర్తిచేయకముందే ‘మా ఆడపడుచుకూ ఇలాగే ఉండేది, ఫలానా చోటికి తీసుకెళ్ళాం’ అని మొదలుపెట్టడం మనలో దురుద్దేశంతో జరిగేది కాదు, ఊరికే వినడమంటే ఏమీ చేయనట్లు అనిపించడం వల్ల జరిగేది. అందుకే వినేవారికి కూడా ఒక పని అప్పగించాలి. ఎవరైనా చెప్పడం ముగించాక, పక్కవారు తాము విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పి, ‘ఇదేనా మీరన్నది?’ అని అడగాలన్నది ఆ పని. సగం సార్లు తప్పు చెబుతారు. ‘కాదండీ, నాకు కోపం కాదు, భయం’ అని ఆ మనిషి దిద్దుకొనే వేళకు, ఆమెకే తన మాట మొదటిసారి సరిగా వినబడుతుంది. సలహా ఇవ్వాలనిపిస్తే ముందు ‘చెప్పమంటారా?’ అని అడగాలి, వద్దంటే మానుకోవాలి.

మందుల విషయంలో మాత్రం అడిగినా చెప్పకూడదు. ‘ఆ మాత్రలు అలవాటవుతాయి, మానెయ్యండి’ అన్న ఒక్క మాట వల్ల ఒక యువకుడు మందు ఒక్కసారిగా ఆపేసి పదిరోజులు నరకం చూశాడు. అప్పటి నుంచి మాది కఠిన నియమం: మాత్ర మొదలుపెట్టడం, తగ్గించడం, ఆపడం డాక్టరుతో తప్ప ఇక్కడ చర్చకు రాదు. హోమియోపతికీ, మూలికల కషాయానికీ కూడా ఇదే వర్తిస్తుంది. దర్గాకు వెళ్ళి తాయెత్తు కట్టించుకున్నామనో, దిష్టి తీయించామనో ఎవరైనా చెబితే ఎగతాళి చేయకూడదు. అది చేస్తూనే డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళవచ్చని చెబితే సరిపోతుంది.

ఎవరైనా ఏడ్చినప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘ఊరుకోండి’. ప్రేమతో అన్నా దాని అర్థం ఆపమనే. ఆ సమయంలో నీళ్ళ గ్లాసు పట్టుకొని నలుగురు ఒక్కసారిగా లేవడం కూడా ఆపమనడమే. టిష్యూలు చేతికందేలా ఉంచి, ఎవరి చోట వారు కూర్చొని, ఒక్క నిమిషం ఆగితే చాలు. ఆ నిమిషం సమన్వయకర్తకు గంటలా అనిపిస్తుంది, నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మాట్లాడడం ఆపనివారి విషయంలోనూ మర్యాద కావాలి: ‘మీరు చెప్పింది ముఖ్యమైనది, దానికి సంబంధించి ఇంకెవరికైనా ఇలా జరిగిందేమో విందామండీ’ అని మాటను పక్కకు మళ్ళించవచ్చు. అసలు నోరు విప్పనివారిని మాత్రం బలవంతపెట్టకూడదు. మూడు వారాలు మౌనంగా కూర్చొన్న ఒకావిడ, ఆమెకు ఏమీ ఉపయోగం లేదేమోనని నేను అనుకుంటున్న సమయంలో, ‘ఈ గంటన్నరే వారంలో నన్ను ఎవరూ ఏదీ అడగని సమయం’ అంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఒక అపార్ట్‌మెంటులో అగ్నిప్రమాదమో, కాలేజీలో ఒక విద్యార్థి మరణమో జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ‘ఏం చూశారో చెప్పండి’ అని వరసగా చెప్పించడం మంచి పని అనిపిస్తుంది గానీ, అలా ఒక్క పూటలో గాయాన్ని కెలికించడం వల్ల మేలు జరగదని పరిశోధనలు తేల్చాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంటుంది. ఆ రోజుల్లో కావలసింది భద్రమైన చోటు, తిండి, నిద్ర, అయినవారి తోడు, నిజమైన సమాచారం. చెప్పాలనుకున్నవారి మాట వినాలి, చెప్పనివారిని కదపకూడదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

‘నేను లేకపోతేనే అందరికీ బాగుంటుంది’ అన్న మాట వినబడితే దాన్ని దాటవేయకూడదు. నేరుగా, మెత్తగా, ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందాండీ?’ అని అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయానికి ఆధారం లేదు. అడగడం వల్ల చాలామందికి ఊరటే కలుగుతుంది. అవునంటే రెండో సమన్వయకర్త ఆ మనిషితో విడిగా కూర్చొని, ఒంటరిగా వదలకుండా, వారు నమ్మే ఒకరిని పిలిపించాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం. అప్పటికే ఏదైనా చేసుకొని ఉంటే, లేదా ముప్పు ఆ క్షణానిదే అయితే, 108కి ఫోన్ చేసి గాంధీ, ఉస్మానియా వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి. పోలీసు కేసు అవుతుందేమోనని కుటుంబం వెనకాడుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని, అన్యథా రుజువు కానంతవరకు, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లుగా భావించాలని, విచారించి శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోందని వారికి చెప్పాలి. ఈ ఫోన్ నంబర్లను సమన్వయకర్త ఫోనులో పెట్టుకొంటే చాలదు, మొదటి రోజు అందరికీ ఇచ్చే కాగితం వెనక అచ్చువేయించాలి.

అటువంటి ఆదివారం తరువాత సమన్వయకర్తకు కూడా నిద్ర పట్టదు. పదిహేను రోజులకొకసారైనా ఒక సైకాలజిస్టుతో కూర్చొని, ఏం జరిగింది, తాను ఎక్కడ తడబడ్డాడు అన్నది చెప్పుకొనే ఏర్పాటు లేని బృందాన్ని నేనైతే మొదలుపెట్టను.

అయిదు వారాల తరువాత

ఒక వారం రానివారికి ఒకేఒక్క ఫోన్ చేయాలి. ‘రండి’ అని ఒత్తిడి చేయకుండా, ‘మీ కుర్చీ అలాగే ఉంచాం’ అంటే చాలు. రెండు వారాలు రాకపోయినా ఆ కుర్చీలో కొత్తవారిని మధ్యలో కూర్చోబెట్టకూడదు, అప్పటికి పుట్టిన నమ్మకం మళ్ళీ మొదటికి వస్తుంది. చివరి సమావేశంలో కాగితాల మీది అంకెలు ఎవరికి వారు చూసుకొంటారు. తగ్గనివారితో ఆ రోజే విడిగా మాట్లాడి, విడి కౌన్సెలింగుకో డాక్టరు దగ్గరికో దారి చూపాలి. అయిదు వారాలతో అందరికీ నయమవుతుందని మొదట చెప్పి ఉండకపోతే ఇది వారికి ఓటమిగా అనిపించదు. మిగతావారు నెలకొకసారి కలుసుకుందామంటే, సమన్వయకర్త లేకుండా తామే నడుపుకోవచ్చు. పొదుపు సంఘాల్లో ఏళ్ళ తరబడి చేయి తిరిగిన మహిళలు ఉన్న బృందాలైతే ఈ పని మనకన్నా బాగా చేస్తారు: వంతులవారీగా హాలు తాళంచెవి తెచ్చేదెవరు, చాయ్ డబ్బుల డబ్బా ఎవరి దగ్గర ఉంటుంది అన్నది పది నిమిషాల్లో తేల్చేస్తారు.

మేము హాజరు కోసం వాడే నోటుపుస్తకంలో పిలుపు పేరు, ఫోన్ నంబరు తప్ప మరేమీ ఉండదు. చివరి సమావేశం ముగిశాక, అందరి ముందు, ఆ పేజీలను చింపి, కావాలన్నవారి నంబర్లను మాత్రం వారి అనుమతితో కొత్త పేజీలోకి ఎక్కించి, మిగతా ముక్కలను హాలు వెనక కుండీలో కాల్చేస్తాం.